వార్షిక నివేదిక: స్తంభం సమయానికి పగిలింది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. మన నాటక సమితి ఎఫెక్ట్స్ విభాగం ఈ ఏడాది చేసిన పని మీ ముందుంచుతున్నాను. నాటకాల్లో మెరుపులు, మంటలు ప్రమాదం లేకుండా సమయానికి రావాలనే ఈ విభాగం పెట్టుకున్నాం.

ముందుగా కృతజ్ఞతలు. రిహార్సల్స్‌కు వరండా ఇచ్చిన కళ్యాణమండపం యజమానికి, బ్యాటరీకి అద్దె తీసుకోని ట్రాక్టర్ మెకానిక్‌కు, రాత్రి పదకొండు దాకా టీలు పంపిన కాకా హోటల్ వారికి, సొంత స్కూటర్ మీద ఇసుక బస్తాలు మోసిన కోశాధికారి గారికి రుణపడి ఉన్నాం.

ఇక నృసింహ జయంతికి గుడి ముందు వేసిన ప్రహ్లాద నాటకం గురించి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాల నాటకాల్లో బాణాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాల్చడం చూసి పెరిగినవాళ్లం మనం. మన దగ్గర మాత్రం స్తంభం ఏనాడూ సమయానికి పగల్లేదు. పాతరోజుల్లో కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవాళ్లు. తర్వాత వత్తి వచ్చింది. హిరణ్యకశిపుడు గదతో మూడుసార్లు కొట్టినా మంట రాక, ఆయన పద్యం మళ్లీ ఎత్తుకున్న రోజు గుర్తుందిగా? ఆ తర్వాత ఎవరో నేరుగా కరెంటు లైనుకే ఫ్యూజు తీగ కలిపారు. మెరుపు వచ్చింది, ఊళ్లో సగం వీధికి కరెంటు పోయింది. హార్మోనియం మాత్రం ఆగలేదు. అది ఎంత ప్రమాదమో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఈసారి 12 వోల్టుల బ్యాటరీ, తాళంచెవి ఉన్న స్విచ్చు, లైసెన్సు ఉన్న దుకాణంలో కొన్న రెడీమేడ్ బాణసంచా సరుకు మాత్రమే వాడాం. సొంతంగా మందు కలుపుతామన్న కుర్రాళ్లను వద్దన్నాను, కోపం తెచ్చుకున్నారు. తెచ్చుకోనీండి.

రిహార్సల్‌లో మందు బదులు చిన్న బల్బు పెట్టి చూశాం. వెలగలేదు. తీగ చివర మీటరు పెడితే 12 చూపిస్తోంది, బల్బు తగిలిస్తే 7కి పడిపోతోంది! రెండు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, తప్పు బ్యాటరీది కాదు, డబ్బు మిగలాలని కొన్న సన్నటి కాలింగ్‌బెల్ తీగది. లావు తీగ వేశాక బల్బు కళకళలాడింది.

థర్మోకోల్ స్తంభం ఉచితంగా చేసిస్తామన్న సభ్యులను నొప్పించక తప్పలేదు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్ వేదిక మీది నిప్పురవ్వలు గోడలకున్న ఫోమ్‌కు అంటుకుని 100 మంది పోయారు. మనం రేకుతో చేయించాం. కోల్డ్ పైరో, అంటే పెళ్లిళ్లలో నిప్పురవ్వలు చిమ్మే ఆ గొట్టాలు, అయితే చల్లగా ఉంటుంది కదా అని ఇప్పటికీ అడుగుతున్నారు. పేరులోనే చల్లదనం. మూతి దగ్గర చేయి పెడితే కాలుతుంది.

నాటకం రోజు తాళంచెవి లైటింగ్ మాస్టారి జేబులోనే ఉంది. తీగలు కలిపేదీ ఆయనే కాబట్టి, ఆయన స్తంభం దగ్గర ఉన్నంతసేపూ స్విచ్చు పనిచేసే వీల్లేదు. మొదటి అంకంలో ఒక చిన్న ఎఫెక్ట్ పేలలేదు. ఒక అబ్బాయి చూసొస్తానని పరుగెత్తబోతే చొక్కా పట్టుకుని ఆపాం. అంకం అయ్యేదాకా ఎవరినీ దాని దగ్గరికి పోనివ్వలేదు. చివరి అంకంలో మన హెడ్మాస్టారు గారు గద ఎత్తి కొట్టారు, కొట్టిన క్షణానే స్తంభం నడిమికి చీలింది. వెనక వరసలో ముసలమ్మలు లేచి నిలబడి దండాలు పెట్టారు. ఇరవై ఏళ్ల టెన్షన్ ఆ ఒక్క మెరుపుతో పోయింది.

అనుమతి సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక కార్యాలయంలో మన దరఖాస్తు మూడు వారాలు పడి ఉంది. నాలుగోసారి వెళితే "పెళ్లా? ఊరేగింపా?" అని అడిగారు. నాటకం అంటే నవ్వారు. కాగితం నాటకం రోజు మధ్యాహ్నం చేతికొచ్చింది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. తీగ వల్ల కొంత లోటు వచ్చింది, కార్యవర్గం సర్దింది.

వాలంటీర్లుగా పద్దెనిమిది మంది పేర్లిచ్చారు. ఇసుక బకెట్ల దగ్గర నిలబడింది ఐదుగురు. మిగతావాళ్లు ఫొటోల్లో మాత్రం ముందు వరసలోనే ఉన్నారు. ఈ రోజు సమావేశం అయ్యాక కుర్చీలు సర్దాలి, దయచేసి ఎవరూ వెనక గేటు నుంచి వెళ్లిపోవద్దు.

ఇట్లు,
కార్యదర్శి