1824లో న్యూయార్క్ ప్రజలకు ఆ ఓటే లేదు

సంపాదకులకు,

అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో, 1824లో ప్రజల ఓట్లు ఆండ్రూ జాక్సన్‌కే ఎక్కువ పడినా జాన్ క్విన్సీ ఆడమ్స్ అధ్యక్షుడయ్యారని రాశారు. అది నిజమే. కానీ ఆ లెక్కలో, అప్పటికి అత్యధిక జనాభా గల న్యూయార్క్ రాష్ట్రానిది ఒక్క ఓటు కూడా లేదని చెప్పకపోతే పాఠకులకు సగం కథే తెలుస్తుంది.

మన రాజ్యసభ సభ్యులను ఎమ్మెల్యేలు ఎన్నుకున్నట్టు, ఆ ఏడాది 24 రాష్ట్రాల్లో ఆరింట అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్లను చట్టసభలే ఎంపిక చేశాయి. న్యూయార్క్‌కు 36 మంది ఎలక్టర్లు. మరే రాష్ట్రానికీ అంతమంది లేరు. ఆ ఎంపికను ఓటర్లకే వదిలేయాలన్న బిల్లు రాష్ట్ర దిగువ సభలో నెగ్గినా, మరో అధ్యక్ష అభ్యర్థి విలియం క్రాఫర్డ్‌ను గెలిపించాలనుకున్న న్యూయార్క్ నేత మార్టిన్ వాన్ బ్యూరెన్ వర్గానికి పట్టున్న ఎగువ సభ సెనేట్‌లో 17 మంది దాన్ని వాయిదా వేయించారు. అంతటితో ఆగక, ఆ రాష్ట్రంలోని ఎరీ కాలువకు ప్రాణం పోసిన డివిట్ క్లింటన్‌ను, జీతం లేకుండా చేస్తున్న కాలువ కమిషనర్ పదవి నుంచి ఏప్రిల్‌లో తొలగించారు. జనం ఊరుకోలేదు, నవంబరులో ఆయన్నే గవర్నర్‌గా గెలిపించారు. గవర్నర్‌ను ఎన్నుకున్న ఆ చేతులకే అధ్యక్షుడి విషయంలో ఓటు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఎలక్టర్ల ఎంపికలో జరిగినదంతా బేరసారాలే. ముద్రాపకుడైన థర్లో వీడ్, ఆడమ్స్ వర్గాన్నీ నాలుగో అభ్యర్థి హెన్రీ క్లే వర్గాన్నీ కలిపి, ఇద్దరి మనుషుల పేర్లతో ఒక జాబితాను రహస్యంగా అచ్చువేయించారు. ఉభయసభల ఓటింగులో ఆడమ్స్‌కు 25, క్లేకు 7, క్రాఫర్డ్‌కు 4 స్థానాలు దక్కాయి. తీరా డిసెంబరు 1న ఎలక్టర్లు ఓటు వేసేసరికి ఆడమ్స్‌కు 26, క్రాఫర్డ్‌కు 5, క్లేకు 4, జాక్సన్‌కు 1 వచ్చాయి. దేశం మొత్తం మీద ఎవరికీ మెజారిటీ రాలేదు; క్రాఫర్డ్‌కు 41, క్లేకు 37 రావడంతో, అలాంటప్పుడు మొదటి ముగ్గురినే పరిశీలించి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ప్రతినిధుల సభ (దేశ చట్టసభలో దిగువ సభ) ముందుకు క్లే పేరు వెళ్లనే లేదు. 1825 ఫిబ్రవరి 9న ఆ సభలో రాష్ట్రానికి ఒక్క ఓటు లెక్కన జరిగిన ఓటింగులో, గెలవడానికి ఆడమ్స్‌కు కావలసిన పదమూడో రాష్ట్రం కూడా న్యూయార్కే అయింది. ఆ రాష్ట్రపు 34 మంది సభ్యుల్లో 18 మంది ఆయన వైపు నిలిచారు.

ఆ రాష్ట్ర ఓటర్లు 1828లో జిల్లాల వారీగా ఎలక్టర్లను ఎన్నుకున్నారు. జాక్సన్‌కు 20, ఆడమ్స్‌కు 16 ఓట్లు లభించాయి. ఇకపై 1824 ప్రజా ఓట్ల పట్టిక ప్రచురించేటప్పుడు డెలావేర్, జార్జియా, లూసియానా, న్యూయార్క్, దక్షిణ కరోలినా, వెర్మాంట్ అందులో లేవని దాని కిందే వేయవలసిందిగా మనవి.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, తెనాలి