మా నాన్న పాటలు మళ్ళీ చదువుకున్నాం

అందరికీ నమస్కారం. ఈ పోస్టు ముగ్గురికి కృతజ్ఞతలు చెప్పడానికి. ఆ ముగ్గురిలో ఒకరిని నేను ఇంతవరకూ చూడనే లేదు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

మాది ఆమదాలవలస దగ్గర పల్లె. మా నాన్న తప్పెటగుళ్ళు ఆడేవాడు. గుండె మీద రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని రాత్రంతా గుండ్రంగా తిరుగుతూ పాడేవారు. ఆ పాటలన్నీ మూడు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. 2006లో శ్రీకాకుళంలో డీటీపీ షాపులో టైపు చేయించి సీడీలో వేయించుకున్నాం. 2019లో నాన్న పోయాడు. తర్వాత పుస్తకాలకి చెదలు పట్టాయి. సీడీ ఉంది కదా అనే ధైర్యంతో ఉన్నాం. మొన్న వేసవిలో ఫైలు తెరిస్తే 182 పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు. తెలుగు ముక్క ఒక్కటి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసింది. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు పెట్టుకునేవట. ఆ ఫాంటు లేకపోతే తెలుగు కనపడదు. ఇప్పుడు కంప్యూటర్లలో, ఫోన్లలో వాడే యూనికోడ్ అనే పద్ధతిలో అలా కాదు, మన ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఉంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటిచ్చారు. పాతదాన్ని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకాయన ఉచితంగా పెట్టారని మా తమ్ముడు వెతికి పట్టుకున్నాడు. నడిపితే పాటలు వచ్చేశాయి! కానీ 'కృష్ణుడు' అని ఉండాల్సిన ప్రతిచోటా 'కృషు్ణడు' అని పడింది. నాన్న పాటల్లో కృష్ణుడు లేని పేజీ లేదు.

చేత్తో రాసేటప్పుడు మనం ముందు 'షు' రాసి, దాని కింద ణ వత్తు పెడతాం. పాత ఫాంటుదీ అదే వరస. యూనికోడ్‌లో మాత్రం వత్తు ముందు రావాలి, కొమ్ము చివర పడాలి. ఆ వరస మార్చడమే అసలు పని.

ఆ ప్రోగ్రామ్ పెట్టినాయనకి భయంభయంగా మెయిల్ పెట్టాను. రాత్రి 11:40కి జవాబు వచ్చింది. "అక్కా, మీకు కనిపించిన తప్పులన్నీ పంపండి, ఒక్కటీ వదలొద్దు." 63 మాటలు రాసి పంపాను. ఉద్యోగం చేసుకుని, పిల్లలు పడుకున్నాక కూర్చుని, నాలుగు రాత్రుల్లో సరిచేశారు.

డబ్బు ఇస్తానంటే వద్దన్నారు. మరి ఎందుకు చేస్తున్నారు బాబూ అని అడిగేశాను. ఆయన చెప్పింది నేను అనుకోని మాట. మొదట తన అవసరానికే రాసుకున్నారట. కానీ ఒక్కడే కూర్చుంటే తప్పులు దొరకవట. "మీరు పంపిన 63 మాటలు ప్రోగ్రామ్‌లోనే పెట్టేశాను. ఇకమీదట నేను ఏం మార్చినా ముందు ఈ మాటలు సరిగా వస్తున్నాయా అని అదే చూసుకుంటుంది. సాయం చేసింది మీరే అక్కా" అన్నారు. నాన్న మాటలు అందులో ఉండిపోయాయంటే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ పాటల్ని పుస్తకంగా వేద్దామనుకుంటే, లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేజీలు కట్టడం నేర్పింది విజయనగరంలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి. తను అదే సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి అనువదిస్తోంది. చేసిన పని తన పేరుతో అందరికీ కనపడుతుంది, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది అని నాతో దాచకుండా చెప్పింది. అందులో తప్పేముంది? 1991లో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా అప్పటికి విద్యార్థే, సరదాగా చేస్తున్నానని చెప్పే మొదలుపెట్టారు. ఇప్పుడు లైనక్స్‌కి రాసేవాళ్ళలో చాలామందికి కంపెనీలు జీతాలిస్తున్నాయి. మనలాంటివాళ్ళకి అక్కరకొచ్చే చిన్న ప్రోగ్రాములు మాత్రం ఇలా ఒక్కరి రాత్రుల మీదే నడుస్తున్నాయి. "ఇంకా చెయ్యలేదా" అని గద్దించే మెయిళ్ళు కూడా మన ప్రోగ్రామ్ ఆయనకి వస్తాయట. దయచేసి అలా రాయకండి.

మూడో ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. మా వైపు మాటల్ని తప్పులనుకుని దిద్దేయకుండా, ఒక్కొక్కటి నన్ను అడిగి సరిచూశారు.

అట్ట మీద పేరుకి గిడుగు ఫాంటు వాడాం. అది కూడా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారి పేరు దానికి పెట్టారు. నాన్న పాటలకి అంతకంటే తగిన అక్షరాలు నాకు కనపడలేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరింట్లోనైనా ఇలాంటి పాత డీటీపీ ఫైళ్ళుంటే నాకు చెప్పండి. ప్రోగ్రామ్ నేను నడిపి పెడతాను. తప్పులు మాత్రం మనిద్దరం కూర్చుని ఏరుదాం. ఆయనకి పంపాలి.