దూరం ఒకటే, గంటలు వేరు

సంపాదకులకు,

విమాన దూరాన్ని వేగంతో భాగించి 'ప్రయాణ సమయం ఇంత' అని రాసేయడం పత్రికల్లో మామూలైపోయింది. భూగోళ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

లండన్, న్యూయార్క్‌ల మధ్య గగన దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. గంటకు 900 చొప్పున ఆరు గంటల పైచిలుకు సరిపోవాలి. టికెట్ మీద మాత్రం లండన్ నుంచి వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది గంటలు, వచ్చేటప్పుడు ఏడు గంటలు కనిపిస్తాయి. పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులే ఈ తేడాకు ముఖ్య కారణం. 2020 ఫిబ్రవరిలో ఆ గాలి వెనక నుంచి బలంగా తోయడంతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే చేరింది!

పైగా టికెట్ మీది సమయంలో రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, దిగాక గేటు చేరడం కూడా కలిసే ఉంటాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచేవాళ్ల సంగతి సరేసరి. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి మ్యాపులో వంపుగానే కనిపిస్తుంది.

దూరం ఒక్కటే వేయకుండా, రానూ పోనూ సమయాలు విడివిడిగా ఇవ్వండి. రెండు ఊళ్ల గడియారాల తేడాను అందులో కలపకండి.

ఇట్లు,
మీ పాఠకుడు