కొల్లేటి ఆదివారాలు

కైకలూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావురా? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఆదివారం పూట కూడా దొరకవేంట్రా అని మొన్న కోప్పడ్డావు కదా. అది ఫోన్లో చెప్తే తెమిలేది కాదు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూచుని చదువు.

మా వీధి చివర లైబ్రరీలో ఆదివారం సాయంత్రాలు ఉపన్యాసాలు పెట్టుకుంటున్నాం. పర్యావరణం గురించే, కానీ మొక్కలు నాటండి, ప్లాస్టిక్ మానండి అని చెప్పి పంపించే రకం కాదు. కొల్లేరు ఎవరిది? పాడుచేసినవాళ్ళు ఎవరికి ఎంత బాకీ? ఇవే మాటలు. మొత్తం ఆరు వారాలు, నాలుగు అయిపోయాయి. పదిహేనుమంది వస్తే గొప్పనుకున్నాం, రెండో వారానికే కుర్చీలు చాలక చాపలు పరిచాం.

మొదటి రోజు రిటైరైన సోషల్ మాస్టారొకాయన మాట్లాడారు. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులను కాపాడటం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51-ఏ అధికరణం చేర్చింది 1976 సవరణతోనట. సరస్సులని పేరుపెట్టి మరీ రాశారు చూడు. సరిగ్గా ఆ ఏడే ఇక్కడ జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారుల సొసైటీలకి కొల్లేట్లో చేపల చెరువులు మొదలెట్టించింది. మాస్టారు ఈ రెండూ పక్కపక్కన చెప్పి ఆగారు. గదిలో ఒక్కరూ మాట్లాడలేదు.

రెండో వారం లాయరొకాయన తిరుపతి అవిలాల, పేరూరు చెరువుల కేసు చెప్పారు. 2006లో సుప్రీంకోర్టు తీర్పు. చెరువుకి ప్రభుత్వం యజమాని కాదు, ధర్మకర్త మాత్రమే అన్న సూత్రం మీద నడిచింది. కట్టేసిన ఇళ్ళని కూల్చమనలేదు గానీ ఇక కొత్తవి వద్దంది. ధర్మకర్త అనే మాట మనవాళ్ళకి చప్పున అందింది. పెద్దింట్లమ్మ గుడి మాన్యం లెక్క మనకి తెలియందా? మాన్యం అమ్ముకు తిన్న ధర్మకర్తని ఊరు ఏమంటుందో కూడా తెలుసు.

మూడో వారం మాత్రం గొడవే. అదే ఏడు, 2006లో మన దగ్గర ప్రభుత్వం వాళ్ళు చెరువుగట్లు పేల్చారు, గుర్తుందిగా. 1999లో సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, అంటే ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడినేలల పట్టీకి. గీత లోపల చెరువులన్నీ అక్రమం అయిపోయాయి. ఆ రోజుల్లో సొసైటీలో వాటా పోగొట్టుకున్న ఒకాయన లేచి అన్నాడు: "తవ్వించిందీ మీరే, పేల్చిందీ మీరే. లీజుకి తీసుకుని లక్షలు గడించినోళ్ళు ఊళ్ళో కూడా లేరు. దోనె అమ్ముకుని చెరువుకాడ కాపలాకి చేరినోణ్ణి నేను. నాకేది న్యాయం?" దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు అక్కడెవరూ లేరు బావా. నాకూ తెలియదు. కానీ పక్షులకి ఎంత న్యాయం అడుగుతామో ఆయనకీ అంత అడగకపోతే ఈ ఉపన్యాసాలకి అర్థం లేదనిపించింది.

పైనించి వచ్చే మురికి మాటేంటని ఇంకొకావిడ అడిగింది. బుడమేరు బెజవాడ మురుగు మోసుకొస్తుంది, తమ్మిలేరు ఏలూరుది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగితే దేశమంతా చూసింది. ఆ నీళ్ళన్నీ దిగాల్సింది మన కొల్లేట్లోకి. కొల్లేటి నీళ్ళు సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. నడుమ గట్లు, గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్ళెక్కడికి పోతాయి? ఎండాకాలం మట్టం పడిపోతే అదే ఉప్పుటేరు వెంట ఉప్పునీళ్ళు ఎదురెక్కుతాయి.

ఆ రోజు మా నాన్న కూడా వచ్చి వెనక వరసలో కూచున్నారు. దారిలో ఏమీ అనలేదు. అన్నాలు తిన్నాక చెప్పారు: "మనం వాటా పెట్టిన చెరువు గీత లోపలే ఉండేదిరా. నీ ఇంజినీరింగు ఫీజులు దాని మీదే కట్టాను." నాకింతవరకు తెలియదు బావా. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాన్న తప్పు చేశారని అనలేను. చదువుకున్నదీ, ఉద్యోగం తెచ్చుకున్నదీ నేను. బాకీ నాది.

ఇప్పుడున్న రెండెకరాల చెరువు గీత బయటే. అయితే నీళ్ళు మార్చినప్పుడల్లా పాత నీళ్ళు డ్రెయిన్లో పడి కొల్లేటికే చేరతాయి. అందుకని ఈ ఏడు కోళ్ళ ఎరువు మానేశాను. పట్టుబడి తగ్గుతుందని తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. వాడి భయం వాడిది, కాదనను. ఒక్క పంటైనా ఇలా చేసి చూడాలని ఉంది.

నాలుగో వారం ఉపన్యాసం లేదు, పిల్లల్ని ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళాం. గూడబాతులు, అదే పెలికాన్లు, గూళ్ళు కట్టుకోడానికి అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు వేశారు కదా, వాటి మీద ఇప్పుడు పిల్లలున్నాయి. తల్లి నోటి సంచిలోకి తల దూర్చి పిల్ల చేప లాక్కుంటుంటే మా చిన్నది ఊపిరి బిగబట్టి చూసింది. "వీటికి చెట్లు లేవా నాన్నా?" అంది. అవి కూచునే చెట్లు చచ్చిపోయాయని చెప్పాల్సి వచ్చింది.

ఆఖరి వారం పాత కొల్లేరు గురించి. తాటిదోనెలు, చేపలు పట్టే పుల్లల మావులు, గట్లు లేనప్పటి వేట. మీ తాతగారు కట్టిన మావు మీ అటక మీద ఉండాలి, చిన్నప్పుడు మనం అందులో తల ఇరికించుకున్నది. ఉందో లేదో అత్తయ్యని అడుగు. ఉంటే వచ్చే ఆదివారం కాక పై ఆదివారానికి నువ్వే పట్టుకురా. బస్సులో పెట్టి పంపకు, పుల్లలు విరిగిపోతాయి.

నీ
బావ