ఆ సింహం పాట కట్టినాయన పేరు కూడా వేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పాప్ సంగీతం ఎలా పుట్టిందో చెబుతూ మీరు వేసిన రెండు పేజీల వ్యాసం చదివాను. ఫోటోలు బాగున్నాయి, అమెరికా వాళ్ల గురించి, ఇంగ్లండ్ బ్యాండ్ల గురించి బోలెడు రాశారు. ఆఫ్రికా ఎక్కడుందా అని వెతికితే చివర్లో ఒక్క వాక్యం దొరికింది, ఆఫ్రికా డప్పుల ప్రభావం కూడా కొంత ఉందని. కూడా అట, కొంత అట! ఆ రెండు మాటల మీదే ఈ ఉత్తరం.

మా పాప స్కూల్ యాన్యువల్ డేకి వెళ్లాను డిసెంబర్‌లో. ఆరో తరగతి పిల్లలు ఊలుతో చేసిన తోకలు తగిలించుకుని, అడవిలో సింహం నిద్రపోతోందనే ఆ ఇంగ్లిష్ పాట పాడారు, వెనక వరసలో వాళ్లు ఆపకుండా "వీమొవే వీమొవే" అంటూ. మా చేతికిచ్చిన కార్డులో దాని పక్కన హాలీవుడ్ సాంగ్ అని ఉంది. టీచరమ్మని అడిగితే కార్టూన్ సినిమాలోది కదండీ సార్ అంది. ఆవిడ తప్పేం లేదు, పేపర్లో మనం రాసేదే కదా ఆవిడా చదివేది.

ఆ పాట కట్టింది సోలొమన్ లిండా అనే ఆయన, దక్షిణాఫ్రికాలోని జులూ తెగవాడు. పల్లె నుంచి జొహానెస్‌బర్గ్‌కి పనికి వచ్చాడు. తోటివాళ్లతో కలిసి ఈవెనింగ్ బర్డ్స్ అని ఒక జట్టు పెట్టుకుని పాడేవాడు. 1939లో అక్కడి గాలో కంపెనీ స్టూడియోలో "ఎంబూబే" అనే పాట రికార్డు చేశారు, జులూలో సింహం అని అర్థం. కింద బొంగురు గొంతులవాళ్లు ఒకే మాట తిప్పి తిప్పి అంటుంటే, పైన లిండా సన్నటి గొంతుతో ఎక్కడికో వెళ్లిపోతాడు. మూడో టేకు చివర్లో అప్పటికప్పుడు నోటికొచ్చిన ఒక రాగం తీశాడు, ఈ రోజు ప్రపంచమంతా పాడే ముక్క అదే. హక్కుల కింద ఆయనకి ముట్టింది పది షిల్లింగులు. అదే కంపెనీలో రికార్డులు ప్యాక్ చేసే పని ఇచ్చారు, అంటే తన పాటను తన చేత్తోనే డబ్బాల్లో సర్దే పని అన్నమాట.

ఆ రికార్డు అమెరికా చేరింది. పీట్ సీగర్ అనే జానపద గాయకుడు విని "ఉయింబూబే" (నువ్వే సింహం అని) అన్నది "వీమొవే" అనుకుని అలాగే పాడేశాడు. మా పాప పాడింది కూడా ఆ విన్న పొరపాటే! సీగర్‌ని మరీ తిట్టలేం, సంగతి తెలిశాక లిండాకి వెయ్యి డాలర్ల చెక్కు పంపాడు. 1961లో టోకెన్స్ అనే బృందం ఇంగ్లిష్ మాటలు పెట్టి పాడితే అమెరికాలో నంబర్ వన్ అయ్యింది. మరుసటి ఏడాదే లిండా పోయాడు, సమాధి మీద రాయి వేయించడానికి ఇంట్లోవాళ్లకి పద్దెనిమిదేళ్లు పట్టింది. తర్వాత ఆ పాట డిస్నీ సినిమాలోకీ ఎక్కింది. 2000లో రియాన్ మలాన్ అనే దక్షిణాఫ్రికా విలేకరి ఈ కథంతా తవ్వి రాశాకే లోకానికి తెలిసింది. 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టంలో, రచయిత చనిపోయిన పాతికేళ్లకు హక్కులు వారసులకి తిరిగి వస్తాయనే క్లాజు ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని కూతుళ్లు కేసు వేస్తే 2006లో రాజీ కుదిరి డబ్బు వచ్చింది. విలేకరి రాయబట్టే కదండీ ఇదంతా కదిలింది, అందుకే ఈ ఉత్తరం స్కూలుకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇంకో సంగతి. ఆ ఒక్క పాట పేరే ఆ పద్ధతి మొత్తానికి పేరైపోయింది, ఎంబూబే అంటే ఒక రకం బృందగానం అని. కార్మికుల హాస్టళ్లలో శనివారం రాత్రి పోటీలు పెట్టుకుని పాడీ పాడీ దాని నుంచే, మెత్తగా అడుగులు వేస్తూ పాడే ఇసికాథమియా వచ్చింది. లేడీస్మిత్ బ్లాక్ మంబాజో అనే దక్షిణాఫ్రికా బృందం వాళ్లది అదే, 1986లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ ఆల్బమ్‌తో ప్రపంచమంతా వాళ్లని విన్నది. ఇందులో డప్పు ఎక్కడుంది చెప్పండి? అన్నీ గొంతులే.

డప్పులంటే గుర్తొచ్చింది, అమెరికాలో బానిసల దగ్గర డప్పులు ఉండనివ్వలేదు కూడా. 1739లో సౌత్ కరోలైనాలో తిరుగుబాటు చేసినవాళ్లు డప్పు కొడుతూ నడిచారని, మరుసటి ఏడాది చట్టంలో డప్పులు, బాకాలు నిషేధించారు. దాంతో దరువు చేతుల్లోకి, తొడల మీదికి, కాళ్లలోకి వచ్చింది. ఒకరు పాడితే మిగతావాళ్లు బదులు పాడడం, మన బుర్రకథలో వంతలు అందుకున్నట్టు, అది పొలం పనుల్లో బతికి, పాప్‌కి మూలమైన నల్లవాళ్ల బ్లూస్ పాటల్లోకి వెళ్లింది. బాంజో అనే తీగల వాద్యం మూలం కూడా పశ్చిమాఫ్రికానే. కాబట్టి ప్రభావం అనకండి, పునాది అనండి.

పైగా ఇది ఒకవైపు ప్రయాణం కాదు. 1930ల్లో హెచ్ఎంవీ వాళ్లు క్యూబా పాటల రికార్డులు ఆఫ్రికాలో అమ్మితే కాంగో కుర్రాళ్లకి అవి పరాయివిగా అనిపించలేదు, వాళ్ల తాతల దరువే ఓడలో వెళ్లి ఓడలో తిరిగొచ్చింది మరి. క్యూబాలో పియానో వాయించే వరసల్ని గిటార్ల మీదికి తెచ్చి తమ లింగాల భాషలో పాడారు, అదే కాంగో రుంబా. మొదట నింపాదిగా సాగి, చివర్లో మాటలు ఆపి గిటార్లు అందుకునే భాగాన్ని వాళ్లు సెబెన్ అంటారు, అది మొదలయ్యాక కూర్చున్నవాడు కూర్చోలేడు. 1960లో బ్రస్సెల్స్‌లో కాంగో స్వాతంత్ర్య చర్చలు జరుగుతుంటే కాంగో గాయకుడు జోసెఫ్ కబసెలే బృందం అక్కడే నాయకుల పేర్లతో, చాచాచా అనే క్యూబా డాన్సు దరువులో పాట కట్టింది. 2021లో యునెస్కో జాబితాలో కూడా చేరిందీ కాంగో రుంబా. మీ వ్యాసంలో మాత్రం చేరలేదు.

నేనూ శుద్ధపూసనేం కాదు. కాలేజీ రోజుల్లో రెండు హిందీ సినిమా పాటలకి చొక్కా తడిసేదాకా డాన్స్ చేశాను. ఆ రెండింటికీ మూలం గినియా దేశపు గాయకుడు మొరీ కాంటే 1987 ఆల్బమ్ అని తెలిసేసరికి నాకు నలభై దాటాయి.

అంత దూరం కూడా వద్దు, మన హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లటి ఏసీ అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, నిజాం కాలపు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అది. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ సిద్దీలు, బార్కస్ వైపు యెమెన్ అరబ్బు మూలాల చావుష్‌లు నిలబెట్టిన మర్ఫా వాయిద్యం లేకుండా పాతబస్తీలో బరాత్ కదలదు. మా మేనల్లుడి పెళ్లికి పిలిచాం, సన్నకర్రలతో ఇత్తడి బిందెల మీద, డోలు మీద వాయిస్తుంటే మా పెద్దమ్మ కూడా రెండు అడుగులేసింది. పెళ్లి వీడియోలో క్యాటరింగ్ వాళ్ల పేరుంది, డెకరేషన్ వాళ్ల పేరుంది, వాయించినవాళ్ల పేరు లేదు. వీడియో చేయించింది మేమే, సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

అందుకని మీకు రెండే విన్నపాలు. పాట గురించి రాసినప్పుడల్లా పాడినవాళ్లతో పాటు మొదట కట్టినవాళ్ల పేరు, ఊరు కూడా వేయండి. ఒక ఆదివారం మీ విలేకరిని ఏసీ గార్డ్స్ పంపించి ఆ మర్ఫా పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి, వాళ్లకి తెలిసిన దరువుల పేర్లన్నీ రాయించండి. మొన్నటి వ్యాసానికి సవరణ వేసే ఉద్దేశం ఉంటే పేరు మళ్లీ ఇస్తున్నాను, సోలొమన్ లిండా. స్కూలువాళ్లకి నేనే చెప్పాను, వచ్చే ఏడాది కార్డులో వేస్తామన్నారు.

ఇట్లు,
మీ పాత చందాదారు, మెహదీపట్నం, హైదరాబాద్