మెట్లు లెక్కపెడుతూ కల్లు సీసాను మరిచిపోతున్నాం

సంపాదకులకు,

గంజాయి పట్టుబడ్డ వార్త వచ్చినప్పుడల్లా ‘సిగరెట్టుతో మొదలైనవాడు హెరాయిన్ దాకా పోతాడు’ అనే మాట వినిపిస్తుంది. ఈ మెట్ల వరుసను అమెరికాలో పరిశోధకురాలు డెనిస్ కాండెల్ 1975లో గీశారు: ముందు బీరు, వైను, తర్వాత సిగరెట్లు, ఘాటు మద్యం, ఆపైన గంజాయి, చివర మిగతా మత్తుమందులు. వరుస నిజమే. అయితే కింది మెట్టే పై మెట్టుకు కారణమని వరుస ఒక్కటే తేల్చదు. బీరు తాగేవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు.

2003లో వెలువడ్డ ఆస్ట్రేలియా అధ్యయనం ఇంకాస్త లోతుకు వెళ్లింది. 311 కవల జంటల్లో ఒకరు 17 ఏళ్లలోపే గంజాయి తాగారు, రెండోవారు తాగలేదు. తాగినవారికి తర్వాత ఇతర మత్తుల సమస్యలు వచ్చే అవకాశం 2.1 నుంచి 5.2 రెట్లు ఎక్కువగా తేలింది. పుట్టిన ఇల్లు ఒకటే కాబట్టి తప్పంతా పెంపకం మీదికి నెట్టలేం. మరి కారణం గంజాయిలోని రసాయనమా, అది అమ్మేవాడి దగ్గర దొరికే రెండో సరుకా? రెండోదానికే మొగ్గుతాను. నెదర్లాండ్స్ 1976లో చట్టం మార్చింది కూడా గంజాయి కొనేవాణ్ణి హెరాయిన్ వ్యాపారికి దూరం చేయాలనే.

తెలంగాణలో కల్తీ కల్లు తాగేవాడికి మెట్లెక్కే పనే లేదు. పై మెట్టు సీసాలోనే ఉంటుంది. అందులో కలిపేది క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రాజోలం అనే మత్తు, నిద్ర మందులు. ఆల్ప్రాజోలం మాత్ర 0.25, 0.5 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. శుద్ధమైన పొడి 5 గ్రాములుంటే 0.5 మిల్లీగ్రాముల మాత్రలు పదివేలకు సరిపోతుంది. తీసుకున్న మోతాదులో సగం సుమారు 11 గంటల్లో ఒంట్లోంచి పోతుంది. అందుకే రోజూ తాగి దానికి అలవాటుపడ్డవాళ్లకు దుకాణం మూసిన ఒకటి రెండు రోజుల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఆపైన ఫిట్స్, పొంతన లేని మాటలు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు ఆస్పత్రులకు వరస కట్టింది ఇలాంటివాళ్లే.

ఇంట్లోవాళ్లు దీన్ని గాలి సోకడమనో, పిచ్చి అనో అనుకుని గదిలో పెట్టి తాళం వేస్తారు. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి రోజుకు ఎన్ని సీసాలు తాగేవాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో చెప్పాలి. ‘మామూలు కల్లే సార్’ అంటే వైద్యం దారి తప్పుతుంది. వైద్యులు ఆల్ప్రాజోలం కోవకే చెంది, ఎక్కువసేపు పనిచేసే డయజిపామ్‌ ఇచ్చి, రోజులు, ఒక్కోసారి వారాల పాటు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మద్యం అలవాటూ ఉంటే బి1 విటమిన్ ఇంజెక్షన్ కూడా అవసరం.

ఎక్సైజ్ శాఖ కల్లు కాంపౌండ్లకు తాళం వేసే ముందురోజే ఆ మండలం పీహెచ్‌సీకి, జిల్లా ఆస్పత్రి మానసిక విభాగానికి కబురు పంపాలి. మందులు, పడకలు సిద్ధం చేసుకోవడానికి వాళ్లకు ఆ ఒక్క రోజైనా కావాలి.

– ఒక పాఠకుడు, నిజామాబాద్