రెండు వైపుల వార్తలు, మన గుణుపురం

గుణుపురం,
నవంబరు 23, 2025

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం చేరింది. పొద్దున్నే ఒడియా పేపరులో భువనేశ్వర్ సంగతులు, రాత్రి తెలుగు చానళ్ళలో అమరావతి, హైదరాబాదు సంగతులు వింటూ కూర్చునే మాకు, ఇన్ని వార్తల్లో నిజంగా మన ఊరికి పట్టేవి ఏవి అని అడిగావు. మంచి ప్రశ్నే వేశావు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కన ఉన్న ఊరు కాబట్టి రెండు రాష్ట్రాల వార్తలూ మాకు వినబడతాయి గాని, రెండింటిలోనూ మా పేరు చివరి పేజీలో కూడా ఉండదని నువ్వు ఇక్కడున్న రోజుల్లోనే అనేవాడివి. గత ఏడాదిన్నరగా ఆ మాట కొంత మారింది. వార్తలే మా గుమ్మం తొక్కుతున్నాయి. అయితే గుమ్మం తొక్కినవి మమ్మల్ని ఒక్క మాట అడిగి లోపలికి వస్తున్నాయా అంటే, అది వేరే సంగతి.

అన్నిటికన్నా ముందు రైలు గురించి రాయాలి. విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ఇస్తామని 2019 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు, విశాఖలోని వాల్తేరు డివిజన్‌ను విడగొట్టి, కొంత విజయవాడలో కలిపి, మిగిలినదానితో ఒడిశాలోని రాయగడలో కొత్త డివిజన్ పెడతామన్నారు. వాల్తేరు పోతే ఊరుకోమని అటువైపు వాళ్ళు, రాయగడ రాకపోతే ఊరుకోమని ఇటువైపు వాళ్ళు పట్టుబట్టారు. ఆరేళ్ళు నానిన తరువాత ఈ ఏడాది జనవరి 6న ప్రధానమంత్రి రాయగడ డివిజన్ భవనానికి వీడియో ద్వారా శంకుస్థాపన చేశారు. మీ హైదరాబాదు చర్లపల్లి టెర్మినల్‌ను ప్రారంభించింది కూడా ఆ కార్యక్రమంలోనే కాబట్టి నువ్వు చూసే ఉంటావు, కాకపోతే మీ చానళ్ళలో రాయగడ పేరు మెరిసి మాయమై ఉంటుంది. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 7న, కేంద్ర మంత్రివర్గం రెండు వైపుల వారినీ సంతోషపెట్టే నిర్ణయం చేసింది: వాల్తేరు పూర్తిగా పోదు, కొంత తగ్గి విశాఖపట్నం డివిజన్ అనే పేరుతో కొత్త జోన్‌లో ఉంటుంది, దాని కింద సుమారు 410 కిలోమీటర్ల లైను, రాయగడ డివిజన్ తూర్పు కోస్తా జోన్‌లో ఉంటుంది, దాని కింద సుమారు 680 కిలోమీటర్లు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ పంపకంలో మన లైనును ఎక్కడ కోశారో చూడు. నౌపడ నుండి పర్లాకిమిడి వరకు విశాఖపట్నం డివిజన్‌కు, పర్లాకిమిడి నుండి గుణుపురం వరకు రాయగడ డివిజన్‌కు. పర్లాకిమిడి మహారాజావారు 1900లో నౌపడ నుండి తమ ఊరికి వేయించుకున్న చిన్న రైలు, 1931 నాటికి మన ఊరి దాకా వచ్చింది. ఆ బుల్లి పెట్టెల్లో కిటికీ పక్కన చోటు కోసం మనం పడ్డ కుమ్ములాటలు నువ్వు మరిచిపోయి ఉండవు. 2011కు బ్రాడ్‌గేజి అయింది. మదరాసు రాష్ట్రం పోయి ఒడిశా వచ్చినప్పుడు గాని, ఆంధ్ర విడిపోయినప్పుడు గాని ఆ లైనును ఎవరూ రెండుగా చూడలేదు. ఇప్పుడు మాత్రం ఇంత చిన్న లైనుకు ఇద్దరు యజమానులు.

దీనివల్ల రేపటి నుండి టికెట్టు ధర మారిపోతుందని నేను అనటం లేదు. విశాఖ పాసింజరు ఎక్కేవాడికి పర్లాకిమిడిలో డివిజన్ మారిన సంగతి తెలియను కూడా తెలియదు. చిక్కంతా అర్జీ పెట్టుకునేటప్పుడు వస్తుంది. విశాఖ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు తెల్లవారకముందే స్టేషన్‌కు చేరవలసి వస్తున్నది, బండి వేళ కాస్త మార్చండి అని మన వర్తక సంఘం వాళ్ళు అడగదలచుకుంటే, ఎవరిని అడగాలి? బండి బయలుదేరే చోటు రాయగడ వారిది, ఆ జోన్ పెద్దలు భువనేశ్వర్‌లో ఉంటారు. బండి చేరే చోటు విశాఖ వారిది, వాళ్ళ జోన్ వేరు. ఒకరు మరొకరి మీదికి తోసేయటానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉండదు. అటువైపు అరకు వాళ్ళకూ ఇదే గోడు, ఎందుకంటే కొత్తవలస దాటిన తరువాత బచేలి దాకా ఉన్న లైను రాయగడ కిందికి వస్తున్నది. ఆ లైను మీద పోయే ఇనుప ఖనిజం ఆదాయం ఎవరిది అనే దాని మీద టీవీల్లో ఎంత వాదన జరిగిందో లెక్క లేదు గాని, ఆ లైను మీద తిరిగే మనిషి గురించి ఒక్కరూ నోరు మెదపలేదు.

రాయగడ వాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు, వాళ్ళను తప్పుపట్టను. కొత్త డివిజన్ వస్తే మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయని మా వీధిలో సగం మంది నమ్ముతున్నారు. రైల్వే ఉద్యోగాలకు దేశమంతా కలిసి రాసే పరీక్షలే ఉంటాయనీ, ఆఫీసు మన పక్క ఊళ్ళో ఉన్నంతమాత్రాన ఎవరూ పిలిచి కుర్చీ వేయరనీ చెబితే, నన్ను అపశకునపు పక్షిలా చూస్తున్నారు. ఆ పరీక్షను ఒడియాలోనూ రాయవచ్చు, తెలుగులోనూ రాయవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మా మేనల్లుడు ఏది ఎంచుకోవాలో తేలక, చివరికి ఇంగ్లీషు అని టిక్కు పెట్టాడు.

ఇక రాజకీయాలు. 2024 మే 13న మన కొరాపుట్ లోక్‌సభ స్థానానికీ, పక్కనున్న ఆంధ్ర అంతటికీ ఒకే రోజున పోలింగు జరిగింది. జూన్ 12న ఇద్దరు ముఖ్యమంత్రులూ ఒకే రోజున ప్రమాణం చేశారు: పొద్దున గన్నవరం దగ్గర చంద్రబాబు నాయుడు, సాయంత్రం భువనేశ్వర్‌లో మోహన్ చరణ్ మాఝి. ప్రధానమంత్రి రెండింటికీ వచ్చారు. ఆ రోజు మా ఇంట్లో టీవీ రిమోటు నలుగురి చేతులు మారింది. అటు పవన్ కళ్యాణ్ ప్రమాణం చేసేటప్పుడు పిల్లల కేకలకు పక్కింటి ఒడియా పెద్దమనిషి ఏదో జరిగిందని కంగారుగా వచ్చి, ఆయన కూడా కూర్చుని చూసి వెళ్ళాడు.

ఒడిశాలో 147 స్థానాలకు బీజేపీకి 78, బీజేడీకి 51, కాంగ్రెసుకు 14 వచ్చాయి. 2000 మార్చి నుండి ముఖ్యమంత్రిగా ఏలిన బీజేడీ నాయకుడు నవీన్ పట్నాయక్ దిగిపోయారు. లోక్‌సభకు 21లో 20 బీజేపీవి కాగా, మిగిలిన ఒక్కటీ మన కొరాపుట్ కాంగ్రెసు స్థానం. దీని మీద విశ్లేషణలు నువ్వు చాలా చదివి ఉంటావు. నేను వేరే మాట చెబుతాను. ఆ ఎన్నికల్లో ప్రచారమంతా ఒడియా అస్మిత, అంటే ఒడియా ఆత్మగౌరవం, మీద నడిచింది. తమిళనాడులో పుట్టి, ఇక్కడ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, నవీన్‌కు కుడిభుజమైన పాండియన్‌ను చూపించి, బయటివాడు మన రాష్ట్రాన్ని ఏలాలా అని వేదికల మీద అడిగారు. ఫలితాలు రాగానే పాండియన్ రాజకీయాల నుండి తప్పుకున్నారు. ఆయన పాలన మీద నాకు పెద్ద గౌరవమేమీ లేదు; ఎన్నిక కాని మనిషి అంత అధికారం చెలాయించటం మంచిది కాదనే ఇప్పటికీ అంటాను. అయితే బయటివాడు అనే మాటకు చప్పట్లు కొడుతున్న గుంపులో, తాతల కాలం నుండి ఇక్కడే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే మనవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళలో ఒకాయనను పక్కకు పిలిచి, రేపు ఆ మాట మన మీదికి తిరిగితే ఏం చేస్తావయ్యా అని అడిగాను. "మనం బయటివాళ్ళం ఎలా అవుతాం, మనకు ఇక్కడ కొట్లున్నాయి కదా" అన్నాడు.

కొటియా గ్రామాల వారి సంగతి మనకన్నా చిత్రం. రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని అంటున్న ఆ 21 గ్రామాల్లో చాలామందికి అటు ఒక ఓటరు కార్డు, ఇటు ఒక కార్డు ఉన్నాయి. 2021లో ఆంధ్ర వారు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024లో రెండు పోలింగులూ ఒకే రోజున పడేసరికి, ఓటు వేయండి రండి అని రెండు వైపుల నుండీ పిలుపులే. పిలుపులకు లోటు లేదు, దారికే లోటు.

జనగణనలో భాగంగా వచ్చే ఏడాది ఏప్రిల్ నుండి ఇళ్ళ లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క జరుగుతాయని విన్నావు కదా. ఈసారి కాగితాలు లేవు, అంతా ఫోను యాప్‌లోనే. కావాలంటే మన వివరాలు మనమే ఎక్కించుకోవచ్చునట. 1931 తరువాత మొదటిసారి అందరి కులమూ రాసుకుంటారు కాబట్టి, దేశమంతా కులం మీదే మాట్లాడుతున్నది. నా చూపు మాతృభాష గడి మీద ఉంది. పిల్లల బడికి, సర్టిఫికెట్లకు ఇబ్బంది రాకూడదని తెలుగు ఇళ్ళవాళ్ళు ఒడియా అని రాయించుకోవటం నేను ఎరుగుదును. తీరా తెలుగు పంతులును వేయండి అని అర్జీ పెడితే, మీ జనం ఎంతమంది అని అడుగుతారు. అందుకే ఈసారి ఇల్లిల్లూ తిరిగి, ఉన్నది ఉన్నట్టు రాయించండి అని చెప్పాలని నలుగురం అనుకున్నాం. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడే తప్పుకున్నారు, ఎందుకొచ్చిన గొడవ అని.

సాంకేతిక విషయాల గురించి నీకు నేను చెప్పటం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గాని, రెండు ముక్కలు రాస్తాను. విశాఖలో గూగుల్ సంస్థ అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు పెట్టి డేటా సెంటర్ కడుతుందని అక్టోబరు 14న ప్రకటించినప్పటి నుండి, మా ఊరి ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు విశాఖను అత్తవారి ఊరులా చెప్పుకుంటున్నారు. అటువంటి చోట యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ కదా అని నా అనుమానం. నిజమేమిటో నువ్వే చెప్పాలి. దానికన్నా నాకు పెద్ద వార్త, సెప్టెంబరు 27న ఝార్సుగుడాలో ప్రధానమంత్రి ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ 4జీ. దేశంలోనే తయారైన పరికరాలతో 97,500కు పైగా టవర్లు అన్నారు. మన వెనుక కొండల మీది సవర పల్లెల్లో సిగ్నలు కోసం బండరాయి ఎక్కి నిలబడే కుర్రాళ్ళను నువ్వూ చూశావు. నేను లెక్కలు రాసే చింతపండు వ్యాపారి ఒకాయన, ఇప్పుడు సంతలోనే ఫోనులో డబ్బు వేస్తానంటే, కొండ మీది నుండి వచ్చిన ముసలమ్మ ఫోను తీసి, డబ్బు పడిందని అది అరిచేదాకా బుట్ట మీద నుండి చెయ్యి తీయలేదు. ఆ జాగ్రత్త మన చదువుకున్నవాళ్ళకు ఉంటే సైబరు మోసగాళ్ళు ఎప్పుడో కొట్టు కట్టేసేవాళ్ళు. సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు నాకు నిద్ర లేకుండా పోయింది, దాని గురించి ఇప్పుడు రాయను.

సినిమా లేకుండా నీ ఉత్తరానికి జవాబు పూర్తి కాదని తెలుసు. మొన్న మార్చిలో రాజమౌళిగారు మహేశ్‌బాబు, ప్రియాంకా చోప్రా, పృథ్వీరాజ్‌లతో కొరాపుట్ కొండల్లో షూటింగు పెట్టినప్పుడు, మన జిల్లాల పేరు నువ్వు మీ చానళ్ళలో విన్నావు. బందోబస్తు ఎంత ఉన్నా, అక్కడి దృశ్యమొకటి ఫోనులోకెక్కి లోకమంతా తిరిగింది. తీసినవాడిని అందరూ తిట్టారు, తిట్టినవాళ్ళంతా చూశారు. షూటింగు ముగిశాక రాజమౌళిగారు ఒంటరిగా దేవమాలి ఎక్కి, పైనుండి కనిపించే అందం అద్భుతమని చెబుతూనే, దారి పొడవునా చెత్త చూసి బాధ కలిగిందని రాశారు. ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు, దాని నెత్తిన చిప్సు కవర్లు. సిగ్గుపడవలసిన మాటే. ఆ చెత్త అంతా పర్యాటకులదే అని ఇక్కడివాళ్ళు అంటారు. పర్యాటకుల్లో సగం మంది ఇక్కడివాళ్ళే.

నాకు నచ్చింది ప్రియాంక చెప్పిన జామకాయల ముచ్చట. విశాఖ విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఒక స్త్రీ దగ్గర 150 రూపాయల జామకాయలు కొని, 200 ఇచ్చి, చిల్లర ఉంచుకోమంటే, ఆమె వెళ్ళి మరికొన్ని కాయలు తెచ్చి ఇచ్చిందట. మీ వైపు వాళ్ళకు అది గొప్ప వింత అయింది. ఇక్కడ సంతకు వెళ్ళేవాడు ఎవడైనా, ఆమె అలా కాక ఇంకెలా చేస్తుంది అంటాడు.

ఇదే నెలలో కొత్త సినిమాలను దొంగతనంగా చూపించే ఐబొమ్మ వెబ్‌సైటు నడిపే మనిషిని హైదరాబాదు పోలీసులు పట్టుకున్నారని తెలిసి మా వీధిలో కొందరు నిజంగానే దిగాలు పడ్డారు. దొంగతనాన్ని సమర్థించను, సినిమా తీసినవాడి కష్టం వాడికి చెందాలి. కాని కొత్త తెలుగు సినిమాను దాని భాషలో పెద్ద తెర మీద చూడాలంటే పాతపట్నమో టెక్కలియో వెళ్ళవలసిన వాళ్ళకు, బస్సు చార్జీ మీద పెంచిన టికెట్టు ధర కూడా వేసి, ఆ పైన నీతి చెప్పటం కష్టం. వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, సంతోషం. విడుదలైన వారంలో వంద లోపు టికెట్టు ఎక్కడ దొరుకుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నువ్వు చివరిసారి కుటుంబంతో సినిమాకు వెళ్ళినప్పుడు పాప్‌కార్న్‌తో కలిపి ఎంత అయిందో దాచకుండా రాయి. రెండు వేలు దాటదని మీ వదిన, దాటుతుందని నేను పందెం వేసుకున్నాం.

చెల్లెమ్మకు, పిల్లలకు మా ఆశీస్సులు. జవాబు ఈసారి ఇంత ఆలస్యం చేయకు.

నీ
చిన్ననాటి నేస్తం